ఊరేగింపు గుర్రానికి తొట్టెడు నీళ్ళు: విజయనగరం జిల్లా అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారికి, నగరపాలక సంస్థ కమిషనరు గారికి, పశుసంవర్ధక శాఖ జిల్లా అధికారులకు,

నమస్కారాలు.

విజయనగరం రైల్వేస్టేషను ముందు జట్కా తోలి నలుగురు బిడ్డలను పెంచి పెద్దచేసిన ఒక మనిషి కొడుకును నేను. పశువైద్యశాలల్లో సహాయకుడిగా ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేశాను. మాఘమాసం పెళ్ళిళ్ళు మొదలు కాకముందే మీకు చేరాలని ఈ లేఖ ఇప్పుడు రాస్తున్నాను. మన పట్టణంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ పెళ్ళి ఊరేగింపులకు అద్దెకు తిరిగే గుర్రాలకు తాగునీటి తొట్లు, పనివేళల కట్టుబాటు, నెలకొకసారైనా నోరూ డెక్కలూ చూసే వైద్యం ఏర్పాటు చేయించమని కోరడమే దీని ఉద్దేశం. కోరేది చిన్నదే అయినా ఎందుకు కోరుతున్నానో చెప్పడానికి కొంత దూరం వెళ్ళవలసి వస్తుంది కనుక, ఓపికతో చదవమని ప్రార్థన.

కిందటి వైశాఖంలో ఒక రాత్రి పదకొండు దాటాక రింగు రోడ్డు పక్కన నాకొక ఊరేగింపు ఎదురైంది. ఆ పెళ్ళివారి పేరు గానీ మండపం పేరు గానీ ఇక్కడ రాయను, ఎందుకంటే తప్పు వారొక్కరిదే కాదు. ముందు డీజే బండి, వెనక జనరేటరు బండి, ఆ రెంటి నడుమ పెళ్ళికొడుకును ఎక్కించుకుని ఒక తెల్ల ఆడగుర్రం నిలబడి ఉంది. దాని చెవులు ఒక్క క్షణం కుదురుగా లేవు. టపాకాయ పేలినప్పుడల్లా అది వెనక్కి అడుగు వేస్తోంది, వేసినప్పుడల్లా తారు మీద లాడం జారుతోంది. జీను పట్టీ కింద చెమట సబ్బునురగలా పేరుకుని ఉంది. కళ్లెం ఇనుము ఆనే చోట పెదవి మూల చీలి, నోటి నురుగులో ఎరుపు కలిసింది. కుడి ముందుకాలిని మాత్రం అది నేలకు పూర్తిగా ఆనించడం లేదు. ముప్ఫై ఏళ్ళు పశువుల మధ్య తిరిగినవాడికి ఆ నిలబడే తీరు చూడగానే సంగతి తెలిసిపోతుంది. పెళ్ళికొడుకును దింపుకుని ఫొటోలు తీసుకుంటున్న కాసేపట్లో నేను దగ్గరికి వెళ్ళి ఆ డెక్క మీద అరచెయ్యి పెట్టి చూశాను. మూడు డెక్కలు చల్లగా ఉన్నాయి, ఆ ఒక్కటి కాలుతోంది.

పగ్గం పట్టుకున్న కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. గుర్రం ఎప్పుడు నీళ్ళు తాగిందని అడిగితే, మధ్యాహ్నం భోజనాల వేళకు తాగిందని, ఇంకా రెండు పెళ్ళిళ్ళు ఉన్నాయని చెప్పాడు. ఈ మధ్యలో ఎందుకు తాగించలేదు నాయనా అన్నాను. "ఎక్కడ తాగించమంటారు బాబూ, ఈ దారి పొడుగునా కుళాయి ఎక్కడుంది?" అన్నాడు. అతని మాటలో పొగరు లేదు, నిజంగానే నన్ను దారి చెప్పమని అడుగుతున్నాడు. టీ కొట్టువాళ్ళను బతిమాలి ఒక బకెట్టు నీళ్ళు తెచ్చాం. ఆ గుర్రం తల ఎత్తకుండా బకెట్టు ఖాళీ చేసింది. రెండోదీ తాగింది. మూడోది సగం తాగి, ముట్టె నుంచి నీళ్ళు కారుతుండగా, ఆ కుర్రాడి భుజం మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. అతను దాని జూలులో చిక్కుకున్న రంగు కాగితాల ముక్కలు ఒక్కొక్కటే ఏరుతూ ఉండిపోయాడు. అప్పు చేసి కొన్న గుర్రమట. దాన్ని కొట్టినట్టు ఒంటి మీద ఎక్కడా గుర్తు లేదు. చెడ్డవాడైతే నేను ఈ లేఖ పోలీసులకు రాసి ఊరుకునేవాడిని. అతనికి గుర్రం మీద ప్రేమ ఉంది, గుర్రాన్ని ఎలా చూసుకోవాలో చెప్పిన పెద్ద మాత్రం లేడు.

నాకు ఆ పెద్ద ఉండేవాడు. మా నాన్న దగ్గర చివరగా ఉన్న గుర్రం పేరు చుక్క. నుదుట తెల్లని చుక్క ఉండేది కనుక ఆ పేరు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ముందు తన ముఖం కడుక్కోకుండానే, ఆయన దాని కాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి తన తొడ మీద పెట్టుకుని, మొన వంచిన ఇనుప కొక్కెంతో డెక్క పగుళ్ళలో ఇరుక్కున్న రాళ్ళు తీసేవాడు. తరవాత అరచెయ్యి ఆనించి వేడి చూసేవాడు. నేను ఆ రాత్రి రింగు రోడ్డు మీద చేసింది ఆయన దగ్గర నేర్చుకున్నదే. నీళ్ళు పట్టాకే దాణా పెట్టేవాడు గానీ దాణా పెట్టాక నీళ్ళు పట్టేవాడు కాదు. ఉడికించిన ఉలవలు చల్లారిందీ లేనిదీ తాను నాలుగు గింజలు నోట్లో వేసుకుని చూసేవాడు. పైడితల్లి అమ్మవారి జాతరైన సిరిమానోత్సవం రోజుల్లో పల్లెల నుంచి రైలు దిగిన జనాన్ని స్టేషను నుంచి మూడు లాంతర్ల కూడలి దాకా తెచ్చి దింపడానికి బేరాలు విడవకుండా వచ్చేవి. అయినా నాలుగు ట్రిప్పులకు ఒకసారి చెట్టు కింద బండి విప్పేసేవాడు. తోటి బండివాళ్ళు నవ్వితే, "గుర్రం గుడ్డిదైనా దాణా తగ్గదంటారు కదా, దాని కష్టం తగ్గినప్పుడు కూడా తిండి తగ్గించకూడదనే పెద్దలు ఆ మాట అన్నారు" అనేవాడు. ఆ సామెతను లోకం విసుగుతో అంటుంది. మా నాన్న దాన్ని బాధ్యతగా అర్థం చేసుకున్నాడు. నాకు ఆయన చెప్పిన అర్థమే సరైనదనిపిస్తుంది.

ఆటోలు వచ్చాక జట్కాలు నిలవలేదు. 1987లో ఆయన చుక్కను ఒక సంతలో అమ్మేశాడు. కొన్నవాడు దాన్ని ఎటు తోలుకుపోయాడో, తరవాత ఏమైందో మాకు తెలియదు. ఆ రోజు ఇంటికి వచ్చి కొక్కెం గోడకు తగిలించి, పదిరోజుల పాటు మా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఊరు అవసరం తీరాక గుర్రాన్ని వదిలేస్తే ఏమవుతుందో నాకు అప్పుడు తెలిసింది. అందుకే ఊరేగింపు గుర్రాలను పూర్తిగా నిషేధించమని నేను అడగడం లేదు. ఆ మాట ముందే స్పష్టం చేయడం అవసరం. నిషేధిస్తే ఆ తెల్ల గుర్రం బాగుపడదు, దాన్ని కొనేవాడు ఉండడు, మేపే శక్తి ఆ కుర్రాడికి ఉండదు. అది రోడ్డు పాలవుతుంది. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద 6.25 లక్షలున్న గుర్రాలు, పోనీలు 2019 గణన నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. గుర్రం తగ్గినకొద్దీ లాడం కొట్టేవాడు తగ్గుతాడు, లాడం కొట్టేవాడు తగ్గినకొద్దీ మిగిలిన గుర్రాల కాళ్ళు పాడవుతాయి. మిగిలిన ఈ కొద్ది గుర్రాలైనా బాగా బతకాలన్నదే నా అభ్యర్థన.

గుర్రం మన నేల మీద పుట్టినది కాదు. ఈనాడు మనుషులు పెంచుకుంటున్న గుర్రాలన్నిటి మూలం ఓల్గా, డాన్ నదుల పరిసరాల గడ్డి మైదానాల్లో సుమారు 4,200 సంవత్సరాల కిందట ఉందని, పాత ఎముకల్లోని జన్యువులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2021లో ప్రకటించారు. చలిగాలి, పొడినేల, కనుచూపు మేర గడ్డి దాని పుట్టిల్లు. ఉక్కపోత, బురద, ఉప్పుగాలి నిండిన కళింగ తీరం ఏనుగుకు సొంత ఇల్లు, గుర్రానికి చుట్టాలిల్లు. పూర్వం మన దేశపు రాజ్యాలను అశ్వపతులు, గజపతులు, నరపతులు అని చెప్పుకునేవారు. ఉత్తరాది సుల్తానులు అశ్వపతులు, హంపీ విజయనగర రాయలు నరపతులు, మనల నేలినవారు గజపతులు. మన కోట కట్టిన పూసపాటి వారి పేరులో గజపతి అన్న మాట నేటికీ ఉంది. పైడితల్లి అమ్మవారి సిరిమాను ముందు కదిలేది కూడా తెల్ల ఏనుగు రథమే.

పుట్టింటి నుంచి ఇంత దూరం తెచ్చిన జంతువును చూసుకోవడానికి ప్రత్యేకమైన నేర్పు కావాలి. ఆ నేర్పు లేకుండా కొనడం మాత్రం దక్షిణాదివాళ్ళకు ఎప్పటినుంచో అలవాటు. 13వ శతాబ్దం చివర్లో తమిళ తీరం చూసిన మార్కో పోలో, అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలను సముద్రం మీద తెప్పించుకునేవారని, లాడాలు వేసేవాళ్ళూ సాకే తీరు తెలిసినవాళ్ళూ లేక ఏడాది తిరిగేసరికి వాటిలో చాలావరకు చచ్చిపోయేవని రాశాడు. కృష్ణదేవరాయల నాటి సంగతులు రాసిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్, హంపీ రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడన్నాడు. అటువంటి అశ్వదళాన్ని నమ్ముకునే కృష్ణదేవరాయలు కళింగం మీదికి నడిచి, మనకు దగ్గరలోని పొట్నూరులో జయస్తంభం నాటించాడు. ఏటా అన్ని కొనవలసి వచ్చిందంటే అంతకుముందు ఏటివి ఏమయ్యాయని నాకు ఎప్పుడూ ఒక ప్రశ్న. యుద్ధంలో పోయినవి కొన్ని ఉంటాయి. లాయంలోనే పోయినవి ఎన్నో ఎవరూ లెక్క రాయలేదు. ఇప్పుడు పెళ్ళిళ్ళకు గుర్రాలు తెచ్చే కుర్రాళ్ళు కూడా ఎక్కడెక్కడి నుంచో కొనుక్కొస్తున్నారు, ఆ నేర్పు మాత్రం ఎవరూ వాళ్ళ వెంట పంపడం లేదు.

అలాగని మన వాళ్ళకు ఈ ధర్మం బొత్తిగా తెలియదని నేను అనను. భారత యుద్ధం పద్నాలుగో రోజున, సైంధవుణ్ణి సూర్యాస్తమయం లోపల చంపితీరాలన్న ప్రతిజ్ఞతో అర్జునుడు పోతున్నాడు. ఒక్క ఘడియ వృథా అయితే అగ్నిలో దూకవలసినవాడు. అటువంటి వేళ నడియుద్ధంలో కృష్ణుడు రథం ఆపాడు. గుర్రాలు అలిసిపోయాయి, బాణాలు తగిలి ఉన్నాయి, దప్పికతో ఉన్నాయి. అర్జునుడు నేలకు దిగి శత్రువులను నిలువరిస్తూనే బాణంతో భూమిని చీల్చి గుర్రాల కోసం కొలను పుట్టించాడు. కృష్ణుడు కాడి విప్పి, ఒంట్లో దిగిన బాణాలు తన చేతులతో పీకి, కడిగి, ఒళ్ళు రుద్ది, నీళ్ళు తాగించి, అలసట తీరాక మళ్ళీ పూన్చాడు. ఈ ఘట్టం తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అంతటి గడువు నెత్తిమీద ఉన్న మనిషి గుర్రాల దాహానికి ఆగగలిగినప్పుడు, ముహూర్తానికి ఇంకా మూడు గంటలున్న ఊరేగింపు ఒక తొట్టి దగ్గర పది నిమిషాలు ఆగలేదా? విరాటుడి కొలువులో దామగ్రంథి అన్న పేరుతో గుర్రాల పని చేసింది పాండవులలో ఒకడైన నకులుడు. గుర్రం కాళ్ళు కడగడం తక్కువ పని అని మన పురాణాలు ఎన్నడూ అనలేదు.

బొబ్బిలి కథ బుర్రకథగా విన్న వాళ్ళెవరికైనా, రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడు గుర్రమెక్కి బయలుదేరే ఘట్టం గుర్తుంటుంది. 1757 జనవరి 24న జరిగిన ఆ యుద్ధంలో ఏ పక్షం న్యాయం ఎంత అన్న చర్చ మన రెండు ఊళ్ళ మధ్య ఇంకా తెగలేదు, ఈ లేఖకు దానితో పని లేదు. నా చిన్నప్పుడు మా వీధిలో కథ చెప్పినవాళ్ళు ఆ ఘట్టానికి వచ్చేసరికి గుమ్మెట మీద గిట్టల చప్పుడు పలికించేవారు. ఆ దరువు మొదలవగానే మా నాన్న చేతులు తెలియకుండానే పగ్గాలు పట్టుకున్నట్టు ముడుచుకునేవి.

మన పొరుగున అరసవల్లిలో సూర్యనారాయణస్వామి ఏడు గుర్రాల తేరు మీద కొలువై ఉన్నాడు. ఆ ఏడు గుర్రాలు గాయత్రి మొదలైన ఏడు ఛందస్సులని పెద్దలు చెబుతారు, అంటే వేదం నడవడానికి కూడా గుర్రం నడకే పోలిక అయింది. రథసప్తమి నాడు మన ఆడవాళ్ళు చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం కట్టి, పిడకల మీద పొంగించిన పరమాన్నం చిక్కుడాకుల్లో నైవేద్యం పెడతారు. ఆ రోజున ఈ రెండు జిల్లాల్లోనూ గుర్రాలకు వైద్య శిబిరం పెట్టమని నా మనవి. పండగ ఎలాగూ ఉంది, తేదీ వెతుక్కోనవసరం లేదు. శ్రీకాకుళం జిల్లా అధికారులకు కూడా ఈ లేఖ ప్రతి పంపుతున్నాను.

పురాణాలు, యుద్ధాలు పాతవి అనుకునేవారు కొందరు ఉంటారు. వారికి నేను ఉద్యోగంలో ఉండగా తెలుసుకున్న ఒక సంగతి చెప్పాలి. ఊడ్పుల కాలంలోనూ కోతల కాలంలోనూ మన పల్లెల నుంచి పాముకాటుతో ఆసుపత్రికి వచ్చేవాళ్ళు ఎందరో మీకు తెలుసు. మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. పాము కరిచినవాళ్ళకు ఆసుపత్రిలో నరంలోకి ఎక్కించే మందు గుర్రం నెత్తుటి నుంచి వస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి అనే నాలుగు పాముల విషాన్ని ముందు అతి కొద్దిగా, తరవాత వారాల తరబడి మోతాదు పెంచుతూ గుర్రానికి ఎక్కిస్తారు. ఆ విషాన్ని ఎదిరించే శక్తి దాని రక్తంలో పుట్టాక, కొంత రక్తం తీసి, అందులోని సారాన్ని శుద్ధిచేసి, పొడిగా ఎండబెట్టి సీసాల్లో నింపుతారు. నర్సమ్మ ఆ పొడిని శుద్ధజలంలో కరిగించేటప్పుడు సీసాను గట్టిగా కుదపకుండా రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తుంది. విషం ఎక్కిన మనిషికి మొదటి విడతలోనే సాధారణంగా పది సీసాల దాకా పడతాయి. పిచ్చికుక్క కరిచి గాయం లోతుగా ఉన్నప్పుడు, టీకాతో పాటు గాయం చుట్టూ పొడిచే మందులో కూడా గుర్రం రక్తం నుంచి తీసే రకం ఉంది. కంఠసర్పి (డిఫ్తీరియా) వ్యాధికి గుర్రపు రక్తరసంతో చేసిన మందు ఎందరో పసిబిడ్డలను బతికించింది, ఆ వైద్యానికి దారి తీసిన పరిశోధనకే 1901లో వైద్యంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఎమిల్ బేరింగ్‌కు దక్కింది. మా పెదనాన్న కొడుకు నాట్ల వేళ రక్తపింజరి కరిచి, మూడు రోజులు మూత్రం ఆగిపోయి, ఆ మందు మీదనే బతికి బయటపడ్డాడు. జీవితంలో గుర్రం ఎక్కని మనిషి ఒంట్లో గుర్రం ఇచ్చిన ప్రాణం ఉంది.

రైతు బోరుకు బిగించే మోటారును నేటికీ ఐదు అశ్వశక్తి, ఏడున్నర అశ్వశక్తి అనే కొలుస్తున్నాం. గుర్రం చేసే పనితో ఆవిరి యంత్రాన్ని పోల్చి చూపడానికి జేమ్స్ వాట్ పెట్టిన ఆ కొలత 746 వాట్లకు సమానం. ఇక మన పడమటి కొండల్లో, పాడేరు వైపు ఏజెన్సీలో, రోడ్డు వేయని ఊళ్ళకు బియ్యం బస్తాలు ఎక్కేదీ, సంతకు సరుకు దిగేదీ ఇప్పటికీ గుర్రాల మీదనే. డోలీ మోసే మనుషుల భుజాల గురించి పత్రికలు రాస్తున్నాయి, అది న్యాయమే. ఆ దారినే నడిచే పొట్టి కొండగుర్రాల వీపుల మీది పుండ్ల గురించి రాసేవారు లేరు. వాటి సంగతి వేరే లేఖ అవుతుంది.

ఇప్పుడు అడగదలచినవి వరసగా మనవి చేస్తాను. మొదటిది నీళ్ళు. పనిచేసే గుర్రానికి రోజుకు 25 నుంచి 40 లీటర్ల నీళ్ళు కావాలి, మన వైశాఖ జ్యేష్ఠాల్లో అంతకంటే ఎక్కువే పడతాయి. గుర్రం వాంతి చేసుకోలేదు, నోటితో గాలి పీల్చలేదు. దాహంతో ఎండిన పేగుల్లో మేత గట్టిపడితే కడుపుశూల వచ్చి, దొర్లి దొర్లి, ఒక్క రాత్రిలో చనిపోతుంది. నేను అలాంటి చావులు చూశాను. కల్యాణ మండపాలు ఎక్కువగా ఉన్న దారుల్లో నాలుగైదు చోట్ల మోకాలెత్తు సిమెంటు తొట్టి, దానికొక కుళాయి ఉంటే చాలు. ఆ నీళ్ళు రాత్రిపూట వీధి ఆవులకూ కుక్కలకూ కూడా పనికొస్తాయి. మనుషులకే వేసవిలో నీళ్ళు చాలవని ఎవరైనా అంటే, ఒక ఊరేగింపు రోడ్డు మీద తొక్కి పారేసే నీళ్ళ పొట్లాల పాటి కూడా ఈ తొట్లకు పట్టవని చెప్పమని మనవి.

రెండోది వేళ. బండి లాగే, బరువు మోసే పశువులను రోజుకు మొత్తం 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పనిచేయించకూడదని, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పనిలోకి దించకూడదని 1965 నాటి నియమాలు చెబుతున్నాయి. ముళ్ళూ బుడిపెలూ ఉన్న కళ్లేలు వాడకూడదని కూడా ఆ నియమాల్లోనే ఉంది. జబ్బుతోనో గాయంతోనో పనికి తగని జంతువుతో పనిచేయించడం 1960 జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. రాత్రి 10 దాటాక బయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదన్న నియమం 2000 సంవత్సరం నుంచీ ఉంది. కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు. ఊరేగింపుకు అనుమతి ఇచ్చే కాగితంలోనే, గుర్రానికీ సౌండు బాక్సులకూ మధ్య ఇంత దూరం ఉండాలని, గుర్రం దగ్గర టపాకాయలు కాల్చకూడదని, ఒక గుర్రానికి రాత్రికి ఒక్క ఊరేగింపే ఉండాలని మూడు వాక్యాలు చేర్చండి. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. వేల ఏళ్ళ పాటు చప్పుడు విని పరుగెత్తినదే బతికింది. దాన్ని కదలకుండా పట్టి నిలబెట్టి చెవి పక్కన బాంబు పేల్చడం ఎంత హింసో, దాని గుండె మీద చెయ్యి వేసి చూసినవారికి తెలుస్తుంది. ఆ రాత్రి నేను వేసి చూశాను. నిలకడగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి, దానిది నేను లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటోంది.

మూడోది వైద్యం, దానితో పాటు చదువు. డెక్క మన గోరులాంటిది, నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి లాడం విప్పి, డెక్క చెక్కి, మళ్ళీ వేయాలి. జిల్లాలో గుర్రాలు పెట్టుకున్నవారందరి పేర్లూ రాసి ఉంచి, నెలకొక రోజు ఒక పశువైద్యశాలలో వాటికోసమే కేటాయించి, ధనుర్వాతం సూదులు వేయించి, మనుషులకూ అంటగల గ్లాండర్స్ వ్యాధి పరీక్షలు చేయించండి. గుర్రాల మీద పరిశోధనకు హర్యానాలోని హిసార్‌లో 1985 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. లాడం పని నేర్చుకోవడానికి మన జిల్లా నుంచి ఇద్దరు కుర్రాళ్ళను అటువంటి చోటికి పంపితే, ఆ ఇద్దరికీ ఉపాధి, మూడు జిల్లాల గుర్రాలకు కాళ్ళు దక్కుతాయి. ఆ తెల్ల గుర్రాన్ని సాకుతున్న కుర్రాడినే పంపండని నేను అడుగుతాను, అతని ఫోను నంబరు నా దగ్గర ఉంది.

పెళ్ళిళ్ళు చేసే పెద్దలకు కూడా ఒక మాట. మా చిన్నతనంలో మన వైపు పెళ్ళికొడుకు పల్లకిలో వచ్చేవాడు, గుర్రం ఎక్కడం ఈ మధ్య వచ్చిన ముచ్చట. ముచ్చటను తప్పుపట్టను. బేరం కుదుర్చుకునే ముందు ఆ గుర్రం నాలుగు కాళ్ళూ సమంగా ఆనించి నిలబడిందా, పెదవి మూలలు చీలి ఉన్నాయా అని ఒక్కసారి చూడండి. పెళ్ళివారికి పానకం బిందెలు సిద్ధం చేసుకునేటప్పుడు గుర్రానికి ఒక గంగాళం నీళ్ళు కూడా పెట్టించండి.

తొట్లు ఎక్కడెక్కడ కట్టాలో నేను నడిచి చూసి ఒక పటం గీశాను, ఎవరు రమ్మన్నా తీసుకువస్తాను. మా నాన్న కొక్కెం ఇంకా మా ఇంటి గోడకే ఉంది, తుప్పు పట్టకుండా ఆముదం రాస్తూ ఉన్నాను. మీరు కేటాయించే రోజున, కేటాయించే చోట, గుర్రాల కాళ్ళు ఎత్తి శుభ్రం చేసే పని కూలి లేకుండా నేను చేస్తాను, పక్కన నిలబడిన కుర్రాళ్ళకు నేర్పుతాను. మొదటి తొట్టి కట్టిన రోజు నుంచి దాన్ని వారానికి రెండుసార్లు కడిగి పాచి తీసే పని కూడా నాదే.

భవదీయుడు,
ఒక జట్కా బండివాడి కొడుకు,
విజయనగరం